ముందు పని లెక్క, తర్వాతే సీట్ల లెక్క: శ్రీకాకుళం జిల్లా నైపుణ్య కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి, జిల్లా నైపుణ్య కమిటీ సభ్యులకు,

నమస్కారం. నేను ఐటీఐలలో వెల్డర్ ట్రేడు నేర్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, ఉద్దానం వాసిని. జిల్లాకు నైపుణ్య ప్రణాళిక తయారు చేయాల్సిన బాధ్యత మీ కమిటీది. అలాంటి కమిటీ ఒకటి ఉందని, దానికి కలెక్టరు గారే అధ్యక్షులని మా ఊళ్ళలో చాలామందికి తెలియదు. తెలియకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. మీరు వేసిన ప్రణాళిక ఏనాడూ వాళ్ళ కంట పడలేదు. అందుకే ఈ ఉత్తరం మీ పేరున రాస్తూ అందరి ముందూ పెడుతున్నాను.

నేను చెప్పదలచినది ఇదీ. జిల్లాలో ఏ పనులున్నాయి, ఏ పనులు రాబోతున్నాయి, మనవాళ్ళు ఊరు విడిచి ఎక్కడ ఏ పని చేస్తున్నారు అనే లెక్క తేలేదాకా, ఎంతమందికి శిక్షణ ఇవ్వాలన్న అంకె వేయకండి. ఇప్పుడు జరుగుతున్నదంతా తలకిందులుగా ఉంది.

అంకె పైనుంచి వస్తుంది. ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి శిక్షణ సంస్థకు. సంస్థకు డబ్బు తలల లెక్కన ముడుతుంది కాబట్టి తక్కువ ఖర్చుతో గది నిండే కోర్సునే అది ఎంచుకుంటుంది. పది కుట్టుమిషన్లుంటే ఒక కోర్సు, ఇరవై కంప్యూటర్లుంటే ఇంకో కోర్సు. లేతు కొనాలన్నా వెల్డింగ్ బూతులు కట్టాలన్నా చేతి చమురు వదులుతుంది, కరెంటు బిల్లు అదనం. కనుక ఊరూరా డేటా ఎంట్రీ, టైలరింగ్, దుకాణాల్లో అమ్మకాలు. జిల్లాలో అన్ని డేటా ఎంట్రీ ఉద్యోగాలు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగిన సమావేశం జరిగి ఉంటే, దాని మినిట్స్ ఒకసారి చదవాలని ఉంది.

కోర్సు ముగిశాక జాబ్ మేళా. ఆఫర్ లెటరు చేతిలో పడగానే ఉద్యోగం పొందినవారి జాబితాలో ఒక పేరు పెరుగుతుంది. ఆ ఉద్యోగం తిరుపతి జిల్లా శ్రీసిటీ పారిశ్రామికవాడలోదో తమిళనాడులోని ఏదో కర్మాగారానిదో అయి ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీసిటీకి తొమ్మిది వందల కిలోమీటర్లకు పైనే. హాస్టలుకు, తిండికి, ఫోనుకు పోను మిగిలేది ఇంటిదగ్గర కూలి డబ్బుకు అటూఇటూగా ఉందని తెలిసిన అమ్మాయి నాలుగో నెలలో రైలెక్కి వచ్చేస్తుంది. ఆమె వెళ్ళడం లెక్కలో ఉంటుంది, తిరిగి రావడం ఉండదు. దూరం పంపడమే తప్పని నేననను. పంపిన ఏడాది తర్వాత ఫోను చేసి ‘అమ్మా, ఇంకా అక్కడే ఉన్నావా?’ అని అడిగే బాధ్యత ఎవరిదో మీ ప్రణాళికలో రాయండి చాలు.

2024 జూన్‌లో ముఖ్యమంత్రి గారు బాధ్యతలు చేపట్టగానే పెట్టిన తొలి అయిదు సంతకాల్లో ఒకటి నైపుణ్య గణన మీద. మంగళగిరిలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఆలోచన మంచిదే. కానీ మన జిల్లాలో మామూలు రోజున ఇంటింటికీ వెళ్ళి తలుపు తడితే ఎవరు తీస్తారు? ముసలివాళ్ళు, కోడళ్ళు, బడి పిల్లలు. 2011 జనగణనలో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1015 మంది స్త్రీలున్నారు. మగవాళ్ళు ఊళ్ళో లేరన్న సంగతి ఆ అంకెలో ఎంతోకొంత ఉంది. చేయి తిరిగిన పనివాడు ఆ పూట చెన్నైలో సెంట్రింగ్ కొడుతుంటాడు, జామ్‌నగర్‌లో పైపు అతుకుతుంటాడు, గుజరాత్ తీరంలోని వెరావల్‌లో బోటు మీద ఉంటాడు, లేదా కువైట్‌లో ఉంటాడు. ఇంట్లో ఉన్నవారిని అడిగి రాసుకున్న జాబితాలో జిల్లాకున్న అసలు పనితనమే ఉండదు. కాబట్టి గణన చేసేవారిని సంక్రాంతి వారంలో పంపండి. మత్స్యకార గ్రామాలకు జూన్, జూలై నెలల్లో పంపండి. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం ఉంటుంది, వెరావల్ వెళ్ళినవాళ్ళు దొరికేది అప్పుడే. పండుగ పూట ఉద్యోగులకు సెలవు కావాలంటారేమో, వేరే రోజు ఇవ్వండి.

వెరావల్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2018 నవంబరులో అక్కడి బోట్లలో పనిచేస్తున్న మన తీరపు మత్స్యకారులు 20 మంది పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారంటూ పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చారు. అప్పుడందరూ అడిగిన ప్రశ్న ఒకటే: దాదాపు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఇక్కడ పెట్టుకుని గుజరాత్ ఎందుకు వెళ్ళారు? వెళ్ళక ఏం చేస్తారు? మన తీరంలో పెద్ద బోటు కట్టేసుకునే చోటు లేదు. కెరటాల మీద తెప్ప దింపి తెప్ప ఎక్కించాల్సిందే. ఇప్పుడు ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో హార్బరు అంటున్నారు, మంచినీళ్ళపేటలో జెట్టీ అంటున్నారు. అవి పూర్తయితే బోటు డీజిలు ఇంజను విప్పి బిగించేవాడు కావాలి, ఫైబరు బోటుకు చిల్లు పడితే పూడ్చేవాడు కావాలి, ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు కావాలి. ఐటీఐలో ఏసీ మెకానిక్ ట్రేడు చదివినవాడు ఉన్నాడుగా అంటారు. ఇంట్లో ఏసీ బాగుచేయడం వేరు, అమోనియాతో నడిచే ఐసు ఫ్యాక్టరీని రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం వేరు. అమోనియా లీకైతే ఏం చేయాలో ముందే నేర్పకపోతే ప్రాణాలకే ముప్పు. ఈ మూడు పనుల్లో ఒక్కటైనా ఈ ఏడాది శిక్షణ జాబితాలో ఉందా?

ఇక నాకు తెలిసిన పని సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

కంచిలి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం, మందస మండలాల్లో ఏ ఊరికి వెళ్ళినా, రిఫైనరీలోనో ఓడల యార్డులోనో వెల్డరుగా, ఫిట్టరుగా, బరువైన సామాన్లు ఎత్తి బిగించే రిగ్గరుగా పనిచేసి వచ్చినవాడు ఒకడైనా ఎదురవుతాడు. ఏ ప్రభుత్వ ప్రణాళికా లేకుండా అన్న తమ్ముణ్ణి, మామ అల్లుణ్ణి తీసుకెళ్ళి నిలబెట్టిన వృత్తి ఇది. ఆ ఉద్యోగానికి తలుపు తీసేది 6జి పరీక్ష. పైపు ముక్కను 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. పైపును తిప్పకూడదు, చుట్టూ తిరిగి వెల్డింగ్ చేయాల్సింది మనిషే. కింది భాగానికి వచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, పైకి చూస్తూ అతకాలి. మొదటి పొర ఆర్గాన్ గ్యాసు వాడే టిగ్ వెల్డింగ్‌తో, పై పొరలు 7018 రకం వెల్డింగ్ రాడ్డుతో. ఆ రాడ్డు తేమ పీల్చుకుంటే వెల్డు లోపల చీలిక రావచ్చు, కాబట్టి దాన్ని ఓవెన్‌లో వేడి చేసి వాడాలి. చివరికి ఎక్స్‌రే తీస్తారు. మొదటి పొర లోపలిదాకా దిగకపోతే ఫిల్ములో నల్లగీత కనబడుతుంది. అంతే, ఇంటికి పొమ్మంటారు.

ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది. సిలబస్ తీసి చూడండి, పైపు వెల్డింగ్ ఉంది, టిగ్ ఉంది. లేనిదల్లా పైపు, ఆర్గాన్ గ్యాసు, సరిపడా రాడ్లు. సామగ్రికి వచ్చే డబ్బుతో పిల్లల చేత ఇనుప పలకల మీద 6013 రకం రాడ్డు పెట్టి గీతలు గీయించడమే గొప్ప. నేను పనిచేసిన ఒకచోట ఓవెన్ ఉండేది, దాన్ని ప్లగ్గులో పెట్టేందుకు తగిన వైరింగు లేదు. అది బీరువాగా ఉపయోగపడింది. సర్టిఫికెట్ చేతబట్టుకుని బయటికి వచ్చిన కుర్రాడు అప్పుచేసి ప్రైవేటు షెడ్డులో 6జి నేర్చుకుంటాడు. ప్రభుత్వం ఏడాదిపాటు నేర్పాల్సినదాన్ని షెడ్డు యజమాని నెలా రెండు నెలల్లో డబ్బు పుచ్చుకుని నేర్పుతున్నాడు. అతణ్ణి తప్పుపట్టను. అతని దగ్గర పైపు ఉంది.

ఆ తర్వాత ఏజెంటు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 నాటి వలస చట్టం కింద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంటు కూడా తన సేవకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ఈ సంగతి గ్రామ సచివాలయం గోడ మీద రాసి ఉండడం నేను చూడలేదు. మా కుర్రాళ్ళు లక్షలు కట్టి, విజిటింగ్ వీసా మీద దిగి, అక్కడ ఉద్యోగం లేదని తెలిసి తిరిగి వస్తుంటారు. వెల్డింగ్ నేర్పే గదిలోనే ఒక పూట ఒప్పంద పత్రం చదవడం, ఏజెంటు నమోదు సంఖ్యను కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోవడం నేర్పితే ఎన్నో ఇళ్ళు అప్పుల బారిన పడకుండా ఉంటాయి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

టెక్కలిలోనో పలాసలోనో ఒక పైపు వెల్డింగ్ షెడ్డు వేయండి. ఐటీఐ పిల్లలకూ, బయటి కుర్రాళ్ళకూ, విదేశాల నుంచి వచ్చి మళ్ళీ పరీక్షకు వెళ్ళబోయేవారికీ అందులో చోటు ఉండాలి. నేర్పేవాళ్ళు దొరకరన్న మాట మాత్రం అనకండి. పదిహేనేళ్ళు రిఫైనరీల్లో పనిచేసి నలభై అయిదేళ్ళకు ఇల్లు చేరినవాళ్ళు కొబ్బరి తోటల్లో ఊరికే కూర్చుని ఉన్నారు. శిక్షక కోర్సు సర్టిఫికెట్ లేదని వాళ్ళను ఐటీఐ గడప దాటనివ్వం. శాశ్వత ఉద్యోగానికి ఆ అర్హత అడగండి, సబబే. అతిథిగా వచ్చి గంటల లెక్కన నేర్పడానికి అతని చేతి పని చూడండి, చాలు.

పలాస–కాశీబుగ్గలో సంగతి వేరు. అక్కడ పని ఉంది, పనితనం ఉంది, పేరు లేదు. జీడిపప్పు పరిశ్రమ నడిచేది ప్రధానంగా ఆడవాళ్ళ చేతుల మీద. పిక్క కొట్టేటప్పుడు కారే జీడినూనెకు వేళ్ళు కాలి నల్లబడతాయి. పొట్టు తీసి, గుండు వేరు, బద్ద వేరు చేసి, పరిమాణం బట్టి డబ్బాల్లోకి పంచుతారు. పౌనుకు మూడువందల పైచిలుకు గుండ్లు తూగే రకాన్ని డబ్ల్యూ320 అంటారు, అంతకంటే లావుపాటివి 240, 210, 180. ఏళ్ళ తరబడి ఆ బల్ల ముందు కూర్చున్న అక్క తూకం లేకుండా కంటితోనే రకం చెబుతుంది. ఎగుమతి బిల్లులో ధర పలికేది ఆ చూపుకే. అయినా ఆమె రికార్డులో కూలీ. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలోనే ఉంది. అది పలాసలో పెట్టండి, కానీ ఒక షరతు మీద: సర్టిఫికెట్ పొందిన గ్రేడరుకు ఎంత కూలి ఇస్తారో యజమానుల సంఘం ముందుగా రాసివ్వాలి. కూలి పెరగని సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. మరో మాట. కటింగ్, పొట్టు యంత్రాలు వస్తున్నకొద్దీ చేతి పనులు తగ్గుతాయి. ఆ యంత్రాలు నడపడం, బాగుచేయడం ఆ ఆడవాళ్ళకే ముందు నేర్పండి. లేకపోతే యంత్రంతోపాటు దాన్ని నడిపే మగమనిషి కూడా బయటినుంచి దిగుతాడు.

పొందూరు గురించి మాత్రం మీకో మనవి. అక్కడ ఇంకో శిక్షణ కేంద్రం తెరవకండి. వాలుగ చేప దవడ ముల్లుతో పత్తి దువ్వి సన్న నూలు వడికే విద్య ఆ ఇళ్ళలో ఇంకా ఉంది, నేర్పేవాళ్ళూ ఉన్నారు. పిల్లలు నేర్చుకోనిది రోజంతా వడికినా కూలి గిట్టదు కనుక. అది కూలి సమస్య, అమ్మకం సమస్య. ప్రతి జబ్బుకూ శిక్షణ అనే ఒకే మాత్ర రాయడం మన శాఖలకు అలవాటైపోయింది.

మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. వేలకు వేలు ఉద్యోగాలని సభల్లో చెబుతున్నారు. కొత్త రేవులన్నీ యంత్రాల మీద నడిచేవే, గేటు లోపల మనుషుల అవసరం మనం ఊహించుకునేంత ఉండదు. క్రేను ఆపరేటర్లు, హైటెన్షన్ ఎలక్ట్రీషియన్లు, కన్వేయరు మెకానిక్కులు కొందరు. ఎక్కువ పని గేటు బయట పుడుతుంది: గోదాములు, లారీల మరమ్మతు, టైర్లు, తూకపు వంతెనలు, కస్టమ్స్ కాగితాలు రాసే గుమాస్తాలు. ఇల్లూ పొలమూ వదులుకున్న విష్ణుచక్రం, మూలపేట గ్రామాల పిల్లలకు, నౌపడ ఉప్పు మళ్ళలో బతుకుతున్నవారికి ఏ పని ఎప్పుడు వస్తుందో ఇప్పుడే చెప్పవచ్చు. రేవు కడుతున్న సంస్థ దగ్గర ఏ ఏడాదిలో ఏ ట్రేడువారు ఎందరు కావాలో లెక్క ఉండి తీరుతుంది. ఆ కాగితం అడిగి తీసుకుని, టెక్కలి ఐటీఐలో ట్రేడులు దాన్నిబట్టి మార్చండి. ఫిట్టరు, ఎలక్ట్రీషియను రెండేళ్ళ కోర్సులు. ఓడ వచ్చిన రోజున అడ్మిషన్లు మొదలుపెడితే రెండేళ్ళపాటు ఉద్యోగాలు వేరేవాళ్ళవి.

ఇంతవరకూ జిల్లా లోపలి మాటలు. పని మాత్రం జిల్లా సరిహద్దు చూసి ఆగదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాలకొండ మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్ళాయి. అక్కడి కుర్రాళ్ళు వెతుక్కునే పనులు అటూఇటూ మారలేదు. రణస్థలం మండలం పైడిభీమవరం మందుల కర్మాగారాలకు విజయనగరం జిల్లా నుంచీ బస్సులు వస్తాయి. భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలో ఉన్నా రణస్థలం, లావేరు వాళ్ళకు మన ఉత్తర మండలాలకంటే అదే దగ్గర. ఇచ్ఛాపురం వాడికి బరంపురం, పాతపట్నం వాడికి పర్లాకిమిడి దగ్గరి పట్నాలు. పరిశ్రమల కోసం విశాఖ ఆర్థిక ప్రాంతమని జిల్లాలన్నిటినీ కలిపి ప్రణాళిక వేస్తున్నారు. శిక్షణకు వచ్చేసరికి ఏ జిల్లాకు ఆ జిల్లా వేరే వంట. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల కమిటీలు ఏడాదికి ఒక్కసారైనా ఒకే బల్ల చుట్టూ కూర్చోండి. కెమికల్ ప్లాంట్ ఆపరేటరు ట్రేడు మూడు జిల్లాలకూ కలిపి ఒక్కచోట మంచి ప్రయోగశాలతో నడిపితే, ఖాళీ గదులతో మూడుచోట్ల నడిపినదానికంటే మేలు.

బస్సు కూడా నైపుణ్య ప్రణాళికలో భాగమే. పలాస నుంచి పైడిభీమవరం వంద కిలోమీటర్లకు పైనే. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు ఏ బస్సు అందుకోవాలి? రాత్రి పది గంటలకు షిఫ్టు దిగిన అమ్మాయి ఎక్కడ పడుకోవాలి? ఆర్టీసీ అధికారి మీ కమిటీ సమావేశానికి వస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పారిశ్రామికవాడ దగ్గర ఆడవాళ్ళకు ఒక హాస్టలు కట్టించడం పది జాబ్ మేళాల పెట్టు.

కర్మాగారాల బాధ్యత సంగతికి వస్తాను. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. అది రాజ్యాంగానికి నిలుస్తుందా అన్న వాదన న్యాయవాదులకు వదిలేద్దాం. తగినవారు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులో ఒక మాట ఉంది. ఏ గొడవా లేని చట్టం ఇంకొకటి ఉంది, 1961 నాటి అప్రెంటిస్ చట్టం. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా, కాంట్రాక్టు కార్మికులతో సహా లెక్కవేసి, రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. స్టయిపెండులో పాతిక శాతం, నెలకు 1500 రూపాయలకు మించకుండా కేంద్రం భరిస్తుంది. పైడిభీమవరంలో ఏ సంస్థ ఎందరిని పెట్టుకోవాలి, ఎందరిని పెట్టుకుంది, అందులో మన ఐటీఐల పిల్లలెందరు? సంస్థ పేరు, రెండు అంకెలు, ఒక్క పేజీ. దాన్ని కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద అంటించండి. ఎవరికీ జరిమానా వేయకపోయినా ఆ పేజీ చేసే పని అది చేస్తుంది. మన పిల్లలకు లోడింగ్, క్లీనింగ్ తప్ప రియాక్టరు దగ్గరి పని ఎందుకు దొరకడం లేదో అప్పుడు వివరంగా మాట్లాడుకోవచ్చు. లోపం మా బోధనలో ఉందని తేలినా వినడానికి నేను సిద్ధం.

వచ్చే ఏడాది ఐటీఐ ప్రవేశాల ప్రకటన రాకముందే మీ ప్రణాళిక ముసాయిదాను తెలుగులో అచ్చువేసి మండల కార్యాలయాల్లో పెట్టండి. అభ్యంతరాలకు నెల గడువివ్వండి. ఆ సమావేశానికి పలాస గ్రేడరు అక్కల్లో ఒకరిని, వెరావల్ వెళ్ళివచ్చిన తండేలు (బోటు నాయకుడు) ఒకరిని, విదేశాల నుంచి తిరిగివచ్చిన వెల్డరు ఒకరిని పిలవండి. పిలిచినవారికి ఆ రోజు కూలి ఇవ్వండి, ఎందుకంటే మనలా వాళ్ళకు టీఏ, డీఏలు రావు.

పైపు వెల్డింగ్ షెడ్డు విషయంలో నా వంతు మాట కూడా రాసి ఇస్తున్నాను. ఆర్గాన్ సిలిండర్లు, పైపు ముక్కలు, రాడ్లు మీ కమిటీ సమకూరిస్తే వారానికి మూడు పూటలు వచ్చి నేర్పుతాను, జీతం అక్కర్లేదు. నాతో వచ్చేవారు మరికొందరున్నారు. షెడ్డు లేకపోతే పాత గోదామైనా చాలు, త్రీఫేజు కరెంటు మాత్రం ఉండాలి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు